బావమరిది చేతి వాచీ

అతని అసలు పేరు అద్దాల కొట్లో ఎవరికీ గుర్తులేదు. అందరికీ అతను నిదానం. అద్దం ఎత్తిన దగ్గర్నుంచి గోడకు చేర్చేదాకా అతని నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట అదే కాబట్టి, చివరికి ఆ మాటే పేరై కూర్చుంది. కొట్టు ఓనరమ్మ వయసుకు మర్యాదిచ్చి "నిదానం గారూ" అని పిలిచేది. కొత్తగా వచ్చినవాళ్ళు అది అతని ఇంటిపేరేమో అనుకునేవారు.

మనిషి కూడా పేరుకు తగ్గవాడే. టీ నిదానంగా తాగుతాడు. కోపం నిదానంగా తెచ్చుకుంటాడు, తెచ్చుకున్నదాన్ని అంతకంటే నిదానంగా వదులుతాడు. ఇన్నేళ్ళలో తన చేతిలో ఒక్క అద్దం కూడా పగల్లేదని తనంతట తాను ఎప్పుడూ చెప్పుకోడు. ఎవరైనా చెబితే మాత్రం ఆపడు, పూర్తయ్యేదాకా విని, "అదేముందిలే" అంటాడు.

అతని జోడీ బావమరిది, అంటే భార్యకు సొంత తమ్ముడు. పనీ పాటా లేక అక్క ఇంట్లో తింటూ తిరిగే వయసులో వాణ్ణి చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకొచ్చి, అద్దానికి రెండో చివర పట్టించినవాడు నిదానమే. మొదటిరోజే ఒక పాఠం చెప్పాడు.

"అద్దం మోసేటప్పుడు అద్దాన్ని చూడకు. ఎదుటివాడి కళ్ళు చూడు. వెనక్కి నడిచేవాడికి వీపున కళ్ళుండవు కదా. వాడి కళ్ళు ముందుకు నడిచేవాడి దగ్గరుంటాయి. అర్థమైందా?"

బావమరిదికి అర్థమైంది. అప్పట్నుంచి మెట్లెక్కాల్సి వస్తే వాడు పై చివర పట్టుకుని వెనక్కి వెనక్కి ఎక్కుతాడు. నిదానం కింది చివర పట్టుకుని, వాడి వెనక ఏముందో చూస్తూ, "మెట్టు... మెట్టు... మలుపు... గుమ్మం, తల వంచు" అని చెబుతాడు. అద్దం ఇద్దరి మధ్యా నిలువంచు మీద ఉంటుంది, ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి. వాళ్ళు అలా పోతుంటే కొట్లో మిగతావాళ్ళు పని ఆపి చూసేవారు. బావా బావమరుదులు కాదు, ఒకే మనిషికి నాలుగు కాళ్ళు అనేవారు.

అలాంటి ఇద్దరి మధ్యకు ఒక వాచీ వచ్చింది.

బావమరిది కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరింది. మొదటి జీతంతో తండ్రి చేతికి స్మార్ట్ వాచ్ కట్టింది. మర్నాడు పొద్దున్న వాడు కొట్లోకి అడుగు పెట్టడం పెట్టడమే ఎడమ చెయ్యి ముందుకు పెట్టి, ఆ వెనకాల తాను వచ్చాడు. అద్దాలు మోసేవాళ్ళు నరానికి అంచు తగలకుండా మణికట్టుకు తోలు పట్టీ కట్టుకుంటారు. వాడు ఆ పట్టీకి కాస్త పైన, అందరికీ కనిపించేట్టు కట్టుకున్నాడు వాచీని.

కొట్టంతా మూగింది. అది టైము చెబుతుందట, ఆ పని చివర్లో చేస్తుందట. ముందు గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది. రాత్రి ఎలా నిద్రపోయావో నీకే చెబుతుంది. ఎవరైనా ఫోన్ చేస్తే చేతిమీద గిలిగింత పెడుతుంది. ఓనరమ్మ కూడా ముచ్చటపడి తన చేతికి ఒకసారి పెట్టుకుని చూసుకుంది. 

"నువ్వూ పెట్టుకో బావా, నీ గుండె చూద్దాం" అన్నాడు బావమరిది.

"నా గుండె ఎక్కడికీ పారిపోలేదు, వెతకడానికి" అన్నాడు నిదానం. అందరూ నవ్వారు. అతనూ ఏడవలేక నవ్వాడు.

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని సామెత. బావ ఏం కోరతాడో పెద్దలు చెప్పకుండా వదిలేశారు. చెప్పి ఉంటే నిదానం ఆరోజు కాస్త జాగ్రత్తపడేవాడేమో. అతను కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. వాణ్ణి ఈ పనిలో పెట్టింది తను. ఆ పనితోనే వాడు కూతుర్ని చదివించాడు. చదువుకున్న కూతురు వాడికి వాచీ కొనిపెట్టింది. ఇలా లెక్క వెనక్కి లాక్కుంటూ పోతే ఆ వాచీ ఎవరి చేతికి ఉండాలి? అతనికీ ఒక కొడుకు ఉన్నాడు. ఆ కొడుకు తండ్రి చేతికి ఇచ్చింది ఏదైనా ఉందంటే, అది తిన్నాక ఖాళీ కంచం.

ఒకరోజు బావమరిది చేతులు కడుక్కోవడానికి వెళ్తూ వాచీ తీసి కోత బల్ల మీద పెట్టాడు. దగ్గర్లో ఎవరూ లేరు. నిదానం అటూ ఇటూ చూసి, దాన్ని తీసి తన మణికట్టు మీద ఆనించుకున్నాడు. కట్టుకోలేదు, ఆనించుకున్నాడంతే. వాచీ వెలగలేదు. వేలితో తట్టాడు. నల్లగా అలాగే ఉండిపోయింది. తన ముఖమే అందులో చిన్నగా కనిపించింది. అంతలో అడుగుల చప్పుడైతే, చొక్కా అంచుతో దాన్ని తుడుస్తున్నట్టు నటించాడు.

"దుమ్ము పడుతోందిరా, జాగ్రత్తగా పెట్టుకోవద్దూ?" అన్నాడు.

"నువ్వున్నావుగా బావా చూసుకోవడానికి" అన్నాడు వాడు. పాపం, మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చి కూర్చుంటే, అక్క ఆ వాచీ తీసుకుని సాయంత్రం దాకా తన చేతికే ఉంచుకుంది. వాడు వెళ్ళాక మొగుడితో అంది:

"కూర్చుంటే లేచి నడవమంది. కాసేపటికి నీళ్ళు తాగమంది. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వెప్పుడైనా అన్నావటయ్యా ఆ మాట?"

మర్నాడు పొద్దున్నే నిదానం గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తాగు."

"ఎందుకు?"

"తాగమంటే తాగు."

"దాహం వెయ్యడం లేదయ్యా!"

"వాచీ చెబితే తాగావుగా, నేను చెబితే తాగవా?"

ఆమె మొగుడి ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. తర్వాత గ్లాసు తీసుకెళ్ళి ఆ నీళ్ళు కిటికీలో మొక్కకు పోసింది.

అసూయకు ఒక గుణం ఉంది, అది తన పేరు చెప్పుకుని తిరగదు. క్రమశిక్షణ అనో, పని మీద భక్తి అనో ఇంకెవరి పేరో చెబుతుంది. నిదానం దగ్గర అది శ్రద్ధ అనే పేరు పెట్టుకుంది. "ఈ వాచీలు మనిషి ధ్యాసను ముక్కలు చేస్తాయి" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. నిజం చెప్పొద్దూ, అందులో కొంత నిజం లేకపోలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నిదానం ఎప్పుడూ ఒక కథ చెప్పేవాడు. గాలివానలో షాపు ముందరి అద్దాన్ని ఒంటిచేత్తో ఆపిన కథ. ఎన్నిసార్లు విన్నా, గొడుగు ఎగిరిపోయే చోట బావమరిది పడీపడీ నవ్వేవాడు. ఆరోజు కూడా గొడుగు ఎగిరింది. అదే క్షణంలో వాడి చేతిమీద వాచీ వణికింది. వాడు దాన్ని చూసుకున్నాడు. నవ్వాడు కూడా. కానీ ఆ నవ్వు గొడుగుకు కాదు.

"ఏంట్రా?" అన్నాడు నిదానం.

"అమ్మాయి ఏదో జోకు పంపింది బావా. నువ్వు చెప్పు, చెప్పు. గొడుగు ఎగిరిందన్నావు..."

గొడుగు ఎగిరిపోయాక ఇంకేం చెబుతాడు? నిదానం డబ్బా మూత పెట్టేశాడు. ఆకలి ఉండగానే లేచాడు. ఆరోజు అతని మనసు నిజంగా నొచ్చుకుంది. కొడుకు తన మాట వినడు, భార్య సగం వింటుంది. మొత్తం వినేది వీడొక్కడే. ఆ వినే చెవిని కూడా ఆ గుండ్రటి ముక్క తన్నుకుపోయింది.

మర్నాడు ఓనరమ్మ గదిలోకి వెళ్ళాడు.

"వాడి ధ్యాస పని మీద లేదమ్మా. ఎప్పుడూ ఆ వాచీలోనే. ఇలాగైతే వాడితో అద్దం ఎత్తడం నావల్ల కాదు."

ఓనరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "అద్దం చేతిలో ఉండగా చూశాడా?"

అద్దం చేతిలో ఉండగా వాడు వాచీ వంక చూడటం అతను ఒక్కసారి కూడా చూడలేదు. 

"తినేటప్పుడు చూసేవాడు మోసేటప్పుడు చూడకుండా ఉంటాడా అమ్మా?" అన్నాడు.

"సరే. ఆ డాన్స్ స్కూలు అద్దం ఎక్కించేదాకా ఆగండి. అది మీ ఇద్దరివల్లే అవుతుంది. తర్వాత కూడా మీరు వద్దంటే అతన్ని కోత బల్ల దగ్గరికి మారుస్తాను, మీకు ఇంకో మనిషిని ఇస్తాను."

కోత బల్ల అంటే బావమరిదికి జైలు. పొద్దస్తమానం ఒక్కచోట నిలబడి అద్దాల మీద కోత గీతలు గీయడం వాడివల్ల కాదు. నాలుగు వీధులు తిరగాలి, నలుగురి ఇళ్ళు చూడాలి, నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ సంగతి నిదానానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసే బయటికి వచ్చాడు. గెలిచినవాడిలా టీ చెప్పాడు. తీరా వచ్చాక సగం గ్లాసులోనే వదిలేశాడు.

డాన్స్ స్కూలు మూడో అంతస్తులో ఉంది. గోడంత అద్దం, ఒకటే పలక, అతుకు ఉండకూడదని అక్కడి టీచరమ్మ పట్టుబట్టింది. లిఫ్ట్‌లో పట్టదు. మెట్ల మీదుగా మొయ్యాల్సిందే. ఇద్దరూ తోలు పట్టీలు బిగించుకున్నారు. వాచీ ఎప్పటిలాగే పట్టీకి పైన ఉంది.

"అది తీసెయ్యకూడదూ?" అనలేదు నిదానం. అనాల్సిందే. కానీ తీసేస్తే ఇంకేం చూస్తాడు? వాడు చూడాలి, వాడు చూస్తుండగా తను చూడాలి. ఇప్పుడు అతనికి కావలసింది అదొక్కటే.

మొదటి అంతస్తు ఇట్టే దాటారు. రెండోదీ దాటారు. బరువు భుజాల్లోకి దిగింది. "మెట్టు... మెట్టు... నిదానం... మెట్టు." బావమరిది ఒక్కో అడుగూ వెనక్కి ఎత్తి పైన పెడుతున్నాడు, కళ్ళు మాత్రం ఎదురుగా. మూడో అంతస్తుకు కొంచెం ముందు మెట్లు ఆగి మలుపు తిరిగేచోట ఒక నడవా ఉంది. క్లాసుకొచ్చిన పిల్లలు చెప్పులన్నీ అక్కడే విడిచారు. నిదానం వాటిని చూశాడు. చెప్పాలనుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే వాచీ వణికింది. తోలు పట్టీకి తగిలి బర్రుమన్న చప్పుడు అతనికి వినిపించింది. వాడి మణికట్టు మీద చిన్న వెలుగు వెలిగింది.

నిదానం కళ్ళు ఆ వెలుగుకు అతుక్కుపోయాయి. ఇప్పుడు చూస్తాడు. ఇదిగో, ఇప్పుడు. చూడవేంరా! నోరు మాత్రం ఆగిపోయింది.

మెట్లు అయిపోయాయని బావమరిదికి ఎవరూ చెప్పలేదు. వాడు లేని మెట్టు కోసం కాలు ఎత్తాడు. ఆ కాలు గాల్లోంచి దభాలున చెప్పుల మీద పడింది, జారింది. వాడు కూలబడ్డాడు. కూలబడుతూ కూడా అద్దం వదల్లేదు. అద్దం మూల వెళ్ళి గోడకు కొట్టుకుంది. టప్‌మని ఒక్క చప్పుడు. ఆ మూల నుంచి ఈ మూల దాకా గీత పాకింది.

నిదానం ముందుగా చూసింది వాచీని. అది పగల్లేదు. అద్దం పగిలింది, వాచీ పగల్లేదు! ఆ తర్వాతే వాడి మోచెయ్యి చీరుకుపోయి రక్తం రావడం కనిపించింది.

టీచరమ్మ కట్టు కట్టింది. కబురందుకుని ఓనరమ్మ వచ్చింది. అద్దాన్ని చూసింది, తర్వాత బావమరిది చేతిని చూసింది. మోచేతిని కాదు, మణికట్టును.

"వాచీ చూశావా?"

బావమరిది మోచేతి కట్టు సర్దుకున్నాడు.

"నిదానం గారు ముందే చెప్పారు. నేనే వినలేదు" అంది ఆమె.

వాడు తలెత్తి బావ వంక చూశాడు. "బావ చెప్పాడా?" అన్నాడు మెల్లగా. నిదానం గోడవైపు తిరిగి పగిలిన అద్దాన్ని సర్దుతున్నట్టు నిలబడ్డాడు. సర్దడానికి అక్కడేమీ లేదు. గీతకు అటో ముక్క, ఇటో ముక్కగా తన ముఖమే రెండై ఉంది.

బావమరిది వాచీ విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అవునమ్మా. చూశాను" అన్నాడు.

"అయితే రేపట్నుంచి కోత బల్ల దగ్గరికి వచ్చెయ్" అని ఓనరమ్మ మెట్లు దిగింది.

ఇద్దరూ ఆ మెట్ల మీదే కూర్చున్నారు. పైన పిల్లల అడుగులు తాళం వేస్తున్నాయి. నిదానానికి మింగలేక కక్కలేక ప్రాణం పోతోంది. చివరికి అడిగాడు.

"నువ్వు చూడలేదు కదరా. చూశానని ఎందుకు చెప్పావు?"

"మొదటిరోజే చెప్పావుగా బావా, ఎదుటివాడి కళ్ళు చూడమని. అన్నం తినేటప్పుడు వాచీ చూస్తాను, ఒప్పుకుంటాను. మోసేటప్పుడు నీ కళ్ళే చూస్తాను. ఇవాళా అవే చూశాను. అవి నా చేతిమీద ఉన్నాయి. ఒకసారి దించుదాం బావా అనబోయాను, ఈలోగా మెట్లు అయిపోయాయి."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా ఆవిడతో?"

"నేను చూడలేదంటే, మరి ఎవరు చూశారు అని అడుగుతుంది కదా" అన్నాడు వాడు.

వాడు కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. వాచీ ఉన్నది చాలక వాడికి ఇంత మనసొకటి కూడా ఉందన్నమాట. ఇది ఏ కూతురు కొనిపెట్టింది వాడికి? కుళ్ళుకోవడానికి కూడా మనిషికి ఒక హద్దుంటుంది. నిదానం ఆ హద్దు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడ్డాడు.

తర్వాత లేచాడు. మోకాళ్ళు పట్టేసినా ఆగకుండా మెట్లన్నీ దిగాడు. జీవితంలో అతను తొందరపడింది బహుశా ఆ ఒక్కసారే. ఆటో కోసం అప్పటిదాకా ఎదురుచూసి ఓనరమ్మ ఎక్కబోతుంటే పట్టుకున్నాడు.

"చూసింది నేనమ్మా. వాడి వాచీ నేను చూశాను. వాడు చూడలేదు. ఇవాళ కాదు, ఎప్పుడూ చూడలేదు."

ఆమె ఆటోలో పెట్టిన కాలు కిందికి దించింది. "మీరా, నిదానం గారూ?" అని మాత్రం అంది. ఆ 'గారు' అతనికి చెంపదెబ్బలా తగిలింది.

కోత బల్ల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాకపోతే ఓనరమ్మ ఒక మార్పు చేసింది. ఇకనుంచి కింది చివర బావమరిది పట్టుకుంటాడు, మెట్లు వాడే చెబుతాడు. నిదానం పై చివర పట్టుకుని వెనక్కి ఎక్కుతాడు. ఇంట్లో భార్య సంగతి తెలుసుకుని, గ్లాసుడు నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను గ్లాసు ఖాళీ చేశాడు.

కొత్త అద్దం వచ్చింది. అదే డాన్స్ స్కూలు, అవే మెట్లు. బావమరిది వాచీ ఇంట్లోనే పెట్టి వచ్చేస్తున్నాడని గమనించి, ముందురోజే నిదానం చెప్పాడు. "కట్టుకోరా. నీ కూతురు ప్రేమగా ఇచ్చింది, పెట్టెలో ఎందుకు?" కొట్లో అందరూ అతని మంచితనాన్ని మెచ్చుకున్నారు. మంచితనమూ లేదు, మన్నూ లేదు. ఇప్పుడైనా చూస్తాడేమోనని లోపల ఏ మూలో ఒక ఆశ ఇంకా మిణుకుమంటూనే ఉంది.

"మెట్టు బావా... మెట్టు... నిదానం..." బావమరిది చెబుతున్నాడు. వెనక ఏముందో కనిపించకుండా కాలు ఎత్తడం ఎంత భయమో నిదానానికి ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ వాడు ఆ భయాన్ని తన కళ్ళమీద వదిలేసి ఎక్కాడు. ఇప్పుడు తనకు కనిపించేవి వాడి కళ్ళు రెండే.

మూడో అంతస్తు మలుపు దగ్గరకు వచ్చేసరికి వాచీ వణికింది. బర్రుమన్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. వాడి మణికట్టు మీద వెలుగు వెలిగి, కాసేపు ఉండి, ఆరిపోయింది.

వాడి కళ్ళు కదల్లేదు. ఒకసారి బావ ముఖం మీద, ఒకసారి బావ వెనక నేల మీద, మళ్ళీ బావ ముఖం మీద. వెలుగు అనేది ఒకటి వచ్చి వెళ్ళిందని కూడా వాటికి తెలిసినట్టు లేదు. నిదానం ఆ కళ్ళను చూశాడు. వాచీ మీద పడ్డ ఏడుపంతా ఇప్పుడు ఆ కళ్ళమీదికి మళ్ళింది. ఈ చూపు తనదే, వాడికి ఇచ్చింది తనే, తన దగ్గర మాత్రం మిగల్లేదు.

"మెట్లు అయిపోయాయి బావా. వెనక చెప్పులున్నాయి, ఎడమవైపు ఖాళీ" అన్నాడు బావమరిది. "నిదానం."

నిదానం కాలు ఎడమవైపు వేశాడు.